ఇందు చూపించిన తలుపు

అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ కుప్పంలో మునెప్ప చెప్పే మాట ఒకటే: "మా ఇందు బెంగళూరులో మెట్రో రైలుకు తలుపులు చేస్తాది." చేసేది కాదు మహానుభావా, పరీక్ష పెడుతుంది అంటే వింటేనా! మదనపల్లెలో డిప్లొమా చదివిన ఆ పిల్ల ఉద్యోగం అదే. మూసుకునే తలుపు మధ్య చెక్కముక్క పెట్టి, తలుపు మళ్లీ తెరుచుకుంటుందో లేదో చూడాలి. చెయ్యి ఇరుక్కున్నా, చున్నీ ఇరుక్కున్నా బండి కదలకూడదు.

ఇందు రోజూ కుప్పం నుంచే బెంగళూరు పోయి వస్తుంది. పొద్దున్నే కూతుర్ని రైలెక్కించడం మునెప్ప పని. క్వారీలో ఒళ్లు హూనం చేసుకున్న మనిషి. అయినా బండి ఆగకముందే దూకి ఎక్కి, కిటికీ పక్క సీటు మీద తువ్వాలు వేసి, పాప కూర్చున్నాక దిగేవాడు. పాసుల మీద పోయేవాళ్లకి ఈడ సీటు దొరకాలంటే అదే పద్ధతి మరి.

"నీకు దండం పెడతా నాయనా, ఎక్కొద్దు. నేను నిలబడే పోతాను."

"యాల భయపడతావు పాపా? నాకేమన్నా కొత్తా?"

చెప్తే వినడు, చూపిస్తేనన్నా భయపడతాడనుకుంది. ఒక ఆదివారం బెంగళూరు తీసుకుపోయి మెట్రో ఎక్కించింది. "మనిషి ఇరుక్కుంటే పానం పోతాది సూడు నాయనా, అందుకే ఇంత కట్టుదిట్టం" అంటుండగానే, మునెప్ప మూసుకుంటున్న తలుపులో చెయ్యి పెట్టేశాడు. తలుపు ఠక్కున తెరుచుకుంది. గార్డు తిట్టిపోశాడు. ఈయనేమో పసిపిల్లోడిలా మురిసిపోయాడు. ఇల్లు చేరేదాకా అదే ముచ్చట.

అయ్యో, ఏం చెప్పేది! వాన తుంపర పడిన ఒక ఉదయం, ఆగకముందే బండెక్కబోయిన మునెప్పకి మెట్టు మీద కాలు జారింది. ఇందు చూస్తుండగానే ప్లాట్‌ఫారానికీ బండికీ సందులో పడిపోయాడు. జనం గోలగోలగా అరిచారు. బండి ఆగేసరికి మనిషి దక్కలేదు.

మునెప్పతో పాటు క్వారీలో రాళ్లు కొట్టిన పాపయ్య పలకరించడానికొచ్చి, తలుపు దగ్గరే కూలబడి ఏడ్చాడు.

"మొన్ననే చెప్తినమ్మా, వయసైంది, ఇంక సాలించప్పా అని. నవ్వినాడు. 'మా పాప సూపిచ్చింది, ఇప్పటి రైళ్లకి మనిషి తెలుస్తాడు, అడ్డమొస్తే నిలబడిపోతాయి' అన్నాడు."

తల్లి మునిలక్ష్మికి ఆ మాట అంతుబట్టక కూతురి ముఖం చూసింది. ఇందుకి మాత్రం అర్థమైంది. భయం నేర్పుదామని తీసుకుపోయి, ఉన్న కాస్త భయాన్నీ పోగొట్టి తెచ్చింది.

"అది ఆ రైలుకు మాత్రమే అని చెప్పాలని నాకు తోచలా మామా" అంది. అని, తండ్రి పోయిన తర్వాత మొదటిసారి నోరు తెరిచి ఏడ్చింది.