సగం గొంగడి

ఆ రోజుల్లో కామారెడ్డి చలి ఎలాంటిదంటే, స్టేషన్లో రైలింజను కూడా బొగ్గుల పొయ్యి వదిలి కదలనని మొండికేసేది. (పెంచి చెప్పడం నా జబ్బు. ముందే ఒప్పుకుంటున్నాను, తోచినంత తగ్గించుకోండి.) నాకప్పుడు ఇరవై ఏళ్లు. ఒక బియ్యం మిల్లులో మధ్యాహ్నం దాకా కూర్చుని ఎల్లారెడ్డిలోని దుకాణాలకు ఉత్తరాలు రాసేవాణ్ణి. నాలాగే ఒక్కపూట పనికి వచ్చే ఇంకో మనిషి చాటలవ్వ. తెల్లారకముందే కోసెడు దూరం చలిలో నడిచొచ్చి, మిల్లు యజమాని సేటు ఇంట్లో వండే బియ్యం చెరిగేది. దసరాకు పనివాళ్లకు తలా ఒక గొంగడి ఇవ్వడం ఆ మిల్లు ఆనవాయితీ. మా ఇద్దరి వంతు వచ్చేసరికి సేటు ఒకే గొంగడి పరిపించి, కత్తెర తెప్పించి (రైలు గేటంత ఉంటుంది) నడిమికి కోయించాడు.

"పూట పనికి సగం గొంగడి. ఇన్సాఫంటే, న్యాయమంటే గిట్లుండాలె!"

అవ్వ తన ముక్క కప్పుకుని చూసింది. భుజాలు దాగితే నడుము బయటపడింది. "సేటూ, పూట పనోళ్లకు చలి గూడ సగమే పెడ్తదా?"

"కాయిదా కాయిదానే అవ్వా, రూలు తప్పొద్దు."

"గట్లనా? మంచిది," అంది అవ్వ. నేను మాత్రం ఊరుకోలేదు. "ఇది అన్యాయం సేటూ!" అని మిల్లు రేకులు లేచిపోయేలా అరిచాను.

మర్నాడు మధ్యాహ్నం, అవ్వ చాట దులుపుకుంటుండగా సేటు అన్నం చేత్తోనే పరుగెత్తుకొచ్చాడు. పంటి కింద గుమ్మడికాయంత రాయి పడిందట. దవడ ఎంత వాచిందంటే ఎల్లారెడ్డి బస్సు పక్కకు తప్పుకుని పోయింది.

"ఏందవ్వా గిది! అన్నంల గన్ని రాళ్లేంది?"

"సగం బియ్యమే చెరిగిన సేటూ. సగం గొంగడిదాన్ని గద. కాయిదా కాయిదానే."

హమాలీలు బస్తాలు దింపి మరీ నవ్వారు. "సేటూ, గొంగడి అగ్గువనా, నోట్ల పండ్లు అగ్గువనా, ఏది చవుకనో జర సోంచాయించు!" అని ఒకడు కేకేశాడు. సేటు దవడ పట్టుకుని మూలిగాడు: "ఇయ్యుండ్రిరా, ఇద్దరికీ నిండు గొంగళ్లు ఇయ్యుండ్రి!" ఆ మిల్లులో మళ్లీ గొంగడి మీద కత్తెర పడలేదు.

రాయి నిజానికి కందిగింజంతే. బస్సు తన దారినే పోయింది. అవి పెంచినవి. పూర్తిగా కల్పించింది ఒక్కటే, నా అరుపు. ఆ రోజు నేను నా ముక్క చంకలో పెట్టుకుని, "మంచిగున్నది సేటూ," అని దండం పెట్టి ఇంటికెళ్లాను. నిండు గొంగళ్లు వచ్చినప్పుడు మాత్రం అవ్వకన్నా ముందు చెయ్యి చాచింది నేనే. ఇప్పటికీ చలికాలం అదే కప్పుకుంటాను. చెవులకు మాత్రం గొంగడి అక్కర్లేదు. ఆ ఇరవై ఏళ్ల వీరుణ్ణి తలచుకుంటే అవే వేడెక్కుతాయి.