మేడమీద అలిగిన రేడియేటరు

మలయాలో సుంగై పెటాని ఊరి దగ్గర రబ్బరు తోటలో నేను గుమాస్తాని. అక్కడివాళ్లు కిరాణి అంటారు. మా దొరకి పినాంగు కొండమీద ఒక బంగళా ఉండేది. అక్కడి చలి దుప్పటి వెతుక్కునేటంత ఉండదు గానీ, దొర తన దేశపు అలవాటు మానుకోలేక గదిగదికీ వేడినీటి గొట్టాలు వేయించి, ఇనుప పక్కటెముకల్లాంటి రేడియేటర్లు పెట్టించాడు. కింద బాయిలరులో కట్టెలు వేస్తే ఇల్లంతా వెచ్చబడాలి. భోజనాల గది వెచ్చబడింది. మేడమీది పడకగది మాత్రం తన అభిప్రాయం మార్చుకోలేదు.

ఆదివారం దొరసాని ఓడ దిగుతుంది. అప్పటికి ఆ గది వెచ్చబడకపోతే, బాయిలరు చూసే ముసలాయన తిరిగి తోటలో రబ్బరు పాలకోసం చెట్లు గీసే పనికి పోవాలని దొర తేల్చేశాడు. ఆయన శ్రీకాకుళం వైపు మనిషి.

"ఈ మోకాళ్లతో సెట్టుసెట్టుకీ తిరగలేను కిరాణి బాబూ," అన్నాడు నాతో.

కాలేజీలో భౌతికశాస్త్రం చదివానని దొర నన్ను ఆ పనిమీద పంపాడు. పరీక్ష సంగతి ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు.

"మంట చాలదయ్యా," అని తీర్పు చెప్పాను. కట్టెలు రెట్టింపు చేశాం. భోజనాల గదిలో వంటవాడు చొక్కా విప్పాడు. మేడమీద మార్పు లేదు.

ముసలాయన కుండ బేరమాడేవాడిలా రేడియేటరుని వేలితో కొట్టి చూశాడు. "అడుగున నీరుంది, పైన డొల్ల. గాలి కాదేటి?"

అదే చెప్పబోతున్నానన్నాను. గాలి వదలడానికి పైన చిన్న మర ఉండాలి. వెతికితే కనబడలేదు. దాని చోట అంగుళం మందాన పసుపు, ఆపైన కుంకుమ ఉన్నాయి.

"ఇదేమిటయ్యా?"

"బాయిలరుకి పతీ సుక్కురారం పెడతన్నాను గదా. కిందోడికి పెట్టి పైనోడికి మానీస్తే కోపం రాదేటి?"

"మరి భోజనాల గదివాడికో?"

"ఆడు ఎలాగూ మంచోడు. అలిగినోడికే రెండు పూటలా పెట్టినాను."

పసుపు గీకి, పటకారుతో మర తిప్పగానే బుస్సుమంది. ముసలాయన రెండడుగులు వెనక్కి వేశాడు. నాకు ఆ తెలివి లేక నల్లని నీళ్లు నా తెల్ల కోటుమీద చిమ్మాయి.

"సాలు లా, సాలు! మూసీయండి బాబూ!" అన్నాడు, కంగారులో మలాయివాళ్ల "లా" కూడా తగిలించి.

కాసేపటికి ఇనుము అడుగునుంచి తలదాకా వేడెక్కింది.

ఆదివారం దొరసాని దానిమీద చెయ్యి పెట్టి, ఏమీ అనలేదు. మా తోటలో దాన్ని మెప్పు అనేవారు. ఎవరు బాగుచేశారని దొర అడిగితే ఇద్దరమూ అన్నాను. ఆయన న్యాయంగానే పంచాడు. ముసలాయన బాయిలరు దగ్గరే ఉంటాడు. శాస్త్రం తెలిసినవాణ్ణి కనక నేను నెలకోసారి కొండెక్కి గదిగదికీ గాలి వదలాలి.

వదిలినంతసేపూ ముసలాయన వెనక పీట వేసుకుని కూర్చునేవాడు. "మెల్లగ, బాబూ, మెల్లగ. అంత సదువుకున్నోరు, తొందరేటి?"