వెళ్లొస్తాను అనే మాట

చూసిన సినిమాలో జనం ఎక్కడ నవ్వారో, ఎక్కడ ఏడ్చారో డైరీలో రాసుకోవడం నా అలవాటు. పోయిన నెల మా అక్కయ్యను గుడివాడలో ఒక క్యాన్సర్ సినిమాకు తీసుకెళ్లాను. ఆమెకూ అదే జబ్బు. మిగిలిన కీమోలు చేయించుకోనని అప్పటికే తేల్చి చెప్పేసింది. ఈ సినిమా మనకెందుకని నేనన్నా వినలేదు.

అందులో కుర్రాడు డిశ్చార్జి అయి, అలవాటుకొద్దీ నర్సుతో "వెళ్లొస్తానండీ" అంటాడు. ఆసుపత్రి నుంచి బయల్దేరేటప్పుడు మనవాళ్లెవరూ అనని మాట అది. "మళ్లీ రావద్దు నాయనా" అని ఆవిడ దండం పెడుతుంది. హాలంతా నవ్వింది. అక్కయ్య అందరికంటే గట్టిగా నవ్వింది. చివర్లో జబ్బు తిరగబెట్టి, అదే కుర్రాడు మళ్లీ ఆసుపత్రికి బయల్దేరుతూ, గడప దగ్గర తల్లితో "వెళ్తానమ్మా" అని ఊరుకుంటాడు, వస్తానని అనడు. హాలంతా కళ్లు తుడుచుకుంది.

ఒకే మాటతో నవ్వూ ఏడుపూ ఎలా తెప్పించాడా అని నాకు ఆశ్చర్యం. బందరు బస్సులో అక్కయ్యనే అడిగాను.

"ముందు నవ్వించబట్టే కదరా ఆ మాట గుర్తుంది" అంది. "అయినా వాడు వస్తానని అనాల్సింది. వాళ్లమ్మ మొహం చూశావా?" అంది.

ఆ తర్వాతి సోమవారం పొద్దున్నే అక్కయ్య ఆసుపత్రి ఫైలు సంచిలో పెట్టుకుంది. గుమ్మంలో నిలబడ్డ తన కూతురితో "వెళ్లొస్తానే" అంది. ఆటోలో కూర్చున్నాక నాకేసి తిరిగి, "తిరిగొచ్చేటప్పుడు నర్సుతో మాత్రం నువ్వు ఆ మాట అనకు" అంది.