ఎలుకలు వచ్చిన దారి

వానలు పట్టుకున్న వారంలో ఒక ఉదయం కనకరత్నం కాఫీ గ్లాసు పట్టుకుని ముందుగదిలోకి వచ్చేసరికి, భర్త కాళ్ల దగ్గర దుప్పటి మీద రక్తం మరకలు కనిపించాయి. గ్లాసు కింద పెట్టి దుప్పటి తీసి చూసింది. ఎడమ కాలి రెండో వేలు కొస కొరికేసి ఉంది. ఆయన మాత్రం హాయిగా గురక పెడుతున్నాడు.

లేపితే వీర్రాజు కళ్లు నులుముకుని, "ఏంటే అలా చూస్తున్నావ్?" అన్నాడు. వేలు చూపించింది. అది తన కాలు కాదన్నట్టు కాసేపు చూసి, "నాకేం తెలీలేదే" అన్నాడు.

తెలియదు మరి. ఏళ్ల తరబడి ఉన్న షుగరు ఆయన పాదాలను మొద్దుబార్చేసింది. ఓసారి కాలి చెప్పు ఎక్కడో జారిపోతే ఆ సంగతే తెలియక, ఒంటిచెప్పుతో సింధియా జంక్షన్ నుంచి ఇంటిదాకా నడిచొచ్చిన మనిషి. అప్పుడు ఇద్దరూ నవ్వుకున్నారు. ఈసారి కనకరత్నం వేలికి గుడ్డ చుట్టి ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్లింది.

ఆసుపత్రిలో కట్టు కట్టి, ఇంజెక్షన్ చేసి, డాక్టరమ్మ కాళ్లు జాగ్రత్తగా చూసుకోమని చెప్పింది. ఇంట్లో ఎలుకలు ఎక్కువా అని కూడా అడిగింది. మామూలుగానే అడిగింది కానీ, ఇల్లు ఊడుస్తావా లేదా అని అడిగినట్టు వినిపించి కనకరత్నం తల దించుకుంది.

వాళ్లది రాజోలు వైపు పల్లె. పెళ్లయిన ఏడే వీర్రాజుకు పోర్టులో పని దొరికి మల్కాపురం వచ్చేశారు. ఇప్పుడుంటున్న లైనింటిలో పిల్లల్ని పెంచి పెళ్లిళ్లు కూడా చేశారు. ఎలుకలు ఆ వీధికి కొత్తేమీ కాదు. సబ్బు కొరికాయనో, కొబ్బరి చిప్ప ఎత్తుకుపోయాయనో నాలుగు తిట్లు తిట్టి ఊరుకునేది. ఈ ఏడు వీధి చివర పెద్ద కాలువ తవ్వి వదిలేశాక మాత్రం మంద పెరిగింది. మందు బిళ్లలు పెడితే ఒకటి అటక మీద సామాన్ల మధ్య చచ్చి, ఇల్లంతా ముక్కు మూసుకుని తిరిగే పని పెట్టింది. బోనులో కొబ్బరి ముక్క కడితే ఒక్క పిల్ల ఎలుక పడింది, ఆ తర్వాత ఒక్కటీ దాని జోలికి పోలేదు. జిగురు అట్ట మీద బల్లి అతుక్కుంది. దాన్ని చూడలేక అట్టను అవతల పారేసింది.

కానీ ఇదివరకు ఎలుకలు మనిషి మీదికి రాలేదు. వీర్రాజు కట్టు చూసినప్పుడల్లా ఆమెకు ఎవరినో ఒకరిని అనాలనిపించేది. పక్క పోర్షన్‌లో నూకాలు ఉంది. యారాడ జాలరి కుటుంబం ఆడపిల్ల. మొగుడు పోయాక ఇక్కడ ఇల్లు తీసుకుని ఎండుచేపలు అమ్ముకుంటోంది. రెండు ఇళ్లకూ మధ్య ఒక్కటే గోడ. ఎండుచేపల వాసన, ఎలుకలు - కనకరత్నం మనసులో ఈ రెండూ కలిసిపోయాయి.

మర్నాడు కుళాయి దగ్గర నలుగురు ఆడవాళ్లు ఉండగా నూకాలు బిందె పట్టుకుని వచ్చింది. కనకరత్నం నోరు ఆగలేదు. "నీ చేపల మూలంగా మా ఇంట్లో మనిషిని ఎలుకలు పీక్కుతింటున్నాయి. బతకనివ్వవా మమ్మల్ని?" అంది.

నూకాలు బిందె కింద పెట్టింది.

"సేపలు డబ్బాల్లో ఎట్టి మూతలెడతన్నాను అక్కా. రా, నువ్వే సూసుకో" అంది.

కనకరత్నం వెళ్లలేదు. చూడ్డానికేముంది, వాసనే చెబుతోందిగా అనేసి వచ్చేసింది.

రెండు రోజుల్లో నూకాలు ఆటో పిలిచి చేపల డబ్బాలన్నీ యారాడలో అన్నగారింటికి చేరవేసింది. అప్పటినుంచి రోజూ తెల్లారేసరికి కొండ దాటి వెళ్లి, గంపకు సరిపడా తెచ్చుకుని, అట్నుంచటే అమ్మకానికి పోయేది. గుమ్మంలో ఎదురుపడితే తల తిప్పుకునేది కాదు, పలకరించేదీ కాదు. కనకరత్నం గెలిచాననుకుంది. ఆ వారం దాటకుండానే వంటింట్లో పప్పు డబ్బా మూత అంచు కొరికేసి ఉంది. పొయ్యి పక్కన నల్లటి పెంటికలు ఎప్పటిలాగే.

వీర్రాజు వేలు మానలేదు. మొదట ఎర్రబడింది, తర్వాత కొస నల్లబడింది. జ్వరం వచ్చి మాట తడబడుతుంటే పెద్దాసుపత్రిలో చేర్చారు. వేలు తీసేయాలన్నారు డాక్టర్లు, ఆలస్యమైతే పాదానికి పాకుతుందట. ఆ మాట విని వీర్రాజు గోడవైపు తిరిగి పడుకున్నాడు. చాలాసేపటికి, "పోర్టులో గొలుసు తెగి చేతిమీద పడ్డప్పుడు కూడా నా వేళ్లు పోలేదు రత్నం" అన్నాడు.

వేలు తీసేసిన మర్నాడు, కూతురు చంద్రిక తండ్రి దగ్గర కూర్చుంటానంటే కనకరత్నం ఇంటికొచ్చింది. ఖాళీ ఇల్లు చూస్తే ఏడుపొచ్చింది, దాని వెనకే కోపం కూడా వచ్చింది. ఎలుకలు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో తేల్చుకోవాలనిపించింది. ఆ సాయంత్రం ఆసుపత్రికి బయలుదేరే ముందు ముగ్గుపిండి తెచ్చి వంటింటి నేల మీద, గోడల వెంబడి పలచగా చల్లింది. నూకాలు వైపు గోడ దగ్గర ఇంకాస్త ఎక్కువే చల్లింది.

పొద్దున వచ్చి చూస్తే నూకాలు గోడ దగ్గర పిండి చల్లింది చల్లినట్టే ఉంది. చిన్న చిన్న పాదాల గుర్తులు, మధ్యలో తోక ఈడ్చిన గీత, అన్నీ గ్యాస్ గట్టు కిందినుంచి వచ్చి అటే వెళ్లాయి. గట్టు కింద ఎప్పుడో పనికొస్తాయని ఆమె కుక్కి దాచిన గోనెసంచులు ఉన్నాయి. ఒక్కొక్కటీ లాగింది. చివరి సంచి వెనక పీచూ, కాగితపు ముక్కలూ, వీర్రాజు పాత ఖాకీ చొక్కా పీలికలూ కలిపి కట్టిన గూడు ఉంది. దాని వెనకే సింకు గొట్టం బయటికి వెళ్లే చోట పిడికిలి పట్టేంత కన్నం.

ఆ కన్నం ఆమెకు తెలుసు. పోయినేడు గొట్టం మార్చిన ప్లంబరు గోడ పగలగొట్టి సిమెంటు పెట్టకుండా వెళ్లిపోతే, తనే ఓ పాతగుడ్డ కుక్కి, తర్వాత చూద్దాంలే అనుకుంది. ఆ తర్వాత మర్చిపోయింది. మొగుడి వేలు, నూకాలు చేపలు, రెండూ ఒక్కసారే కళ్ల ముందు మెదిలాయి.

ఆ పూట ఇంకేం పని పెట్టుకోలేదు. గూడు తీసి కాల్చింది. గిన్నెలు తోమే ఇనప పీచు ఉండలు చుట్టి కన్నంలో గట్టిగా దిగ్గొట్టి, గాజు పెంకులు కలిపిన సిమెంటు మెత్తింది. వెనక తూముకు ఇనప జాలీ బిగించింది. తలుపు కింద సందుకు రేకు కొట్టించింది. బియ్యం, పప్పులు స్టీలు డబ్బాల్లోకి మార్చింది. తర్వాత చేతులు కడుక్కుని నూకాలు గుమ్మం ముందు నిలబడింది.

"నూకాలూ, కన్నం మా ఇంట్లోనే ఉంది. మూయకుండా వదిలేసింది నేనే. ఊరికే నిన్ను అనరాని మాట అన్నాను. చేపలు తెచ్చేసుకో అమ్మా" అంది.

నూకాలు తలుపు పట్టుకుని నిలబడే, "బావ బాగున్నాడా?" అని అడిగింది. వేలు తీసేశారని కనకరత్నం చెప్పింది.

"సేపలు అక్కడే ఉండనీ అక్కా. రేపు ఇంకేటైనా ఒస్తే మల్లీ నా సేపల మీదకే ఒత్తాది" అంది.

కోపంగా అని ఉంటే కనకరత్నం తట్టుకునేదే. నూకాలు మామూలుగా అంది. మర్నాడు కుళాయి దగ్గర కనకరత్నం, ఆ వేళ విన్న ఆడవాళ్లందరికీ వినబడేలా తప్పు తనదేనని చెప్పింది. ఇద్దరు తలూపారు. ఒకామె బిందె నిండిందా లేదా చూసుకుంటూ ఉండిపోయింది.

వీర్రాజు ఇంటికొచ్చాడు. బూట్లు లోపల ఒత్తకుండా చూసుకుంటూ నడవడం నేర్చుకుంటున్నాడు. మళ్లీ పోర్టు పనికి పంపుతారో లేదో ఇంకా తెలియదు. రోజూ ఆయన పాదాలు ఒళ్లో పెట్టుకుని వేళ్ల సందులు కూడా చూస్తుంది కనకరత్నం. వంటింట్లో పెంటికలు కనిపించి చాలా రోజులైంది.

ఒక మధ్యాహ్నం నూకాలు వచ్చి గుమ్మం బయటే నిలబడింది.

"మీ ఇంట్లో దారి మూసీసినారు గదా, ఇప్పుడవి మా ఇంటికొచ్చీసినాయి. ఆ జాలీ ముక్క ఏటైనా మిగిలిందా అక్కా?"

కనకరత్నం జాలీ, మిగిలిన సిమెంటు, ఇనప పీచు ఓ తట్టలో వేసుకుని ఆమె వెంట నడిచింది. నూకాలు తూము దగ్గర గొంతుక్కూర్చుని జాలీ పట్టుకుంటే, ఆమె మేకులు కొట్టింది. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకోలేదు. ఆ ఇంట్లో ఎండుచేపల వాసన ఇప్పుడు బొత్తిగా లేదని మాత్రం, మేకు కొడుతూ కనకరత్నం గమనించింది.