తుప్పు మీద నల్లరంగు

ఈ మాట నా గుండెలో పడి ఏళ్ళు గడిచాయి. ఎవరైనా వెనకనుంచి పేరు పెట్టి పిలిస్తే ఇప్పటికీ ఒళ్ళు చల్లబడుతుంది. తెలిసిపోయిందేమో అనుకుంటాను. నేనెవరో మీకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ళకు చెప్పే ధైర్యం ఉంటే ఇది రాసేవాణ్ణే కాదు.

ఎనభైల నాటి బొంబాయి. కామాటిపురలో వరస గదులున్న ఒక చాల్‌లో అక్క, బావ, వాళ్ళ కూతురు, నేను ఒకే గదిలో ఉండేవాళ్ళం. ఫోరస్ రోడ్ పక్కన ఒక గ్యారేజీలో సొట్టపోయిన కార్ల రేకులు సాపు చేయడం నా పని. బావ ఒక సేఠ్ దగ్గర డ్రైవరు. సేఠ్ చనిపోయాక ఆయన కొడుకులు ఇల్లు ఖాళీ చేస్తూ, షెడ్డులో కదలకుండా పడివున్న పాత విలాయతీ కారును బావకు వదిలేశారు. వాళ్ళకది తుక్కు. బావ దాని గుండ్రటి ముక్కు మీద దుమ్ము తుడిచి, చంటిపిల్లను చూసినట్టు చూశాడు. దాన్ని బాగుచేసి పెళ్ళిళ్ళకు తిప్పాలని, ఇక ఎవరి దగ్గరా జీతానికి ఉండకూడదని ఆయన ఆశ.

కారును మా గ్యారేజీకి లాక్కొచ్చాం. చేతిలో పెద్దగా ఏమీ లేదు. కారు అడుగంతా జల్లెడలా ఉంటే నూనె డ్రమ్ముల రేకు కోసి అతికాను. సీట్లకు ఎవరో పారేసిన సోఫా తోలు కుట్టించాం. తలుపు పిడులు ఒకదానితో ఒకటి కలవవు. దొరకని సామాను కోసం బావ శుక్రవారాలు చోర్ బజార్‌లో తిరిగేవాడు. అలా ఎంతో వెతికి తెచ్చిన హెడ్‌లైటు అద్దం ఒకటి నా చేతిలో జారి పగిలింది. బావ తిట్టలేదు. ముక్కలన్నీ ఏరి కాగితంలో చుట్టి, చాలా రోజులు నాతో మాట్లాడలేదు. తిట్టి ఉంటే బాగుండేదేమో. ఆ మౌనం తర్వాత నాకు ఆయనంటే భయం పట్టుకుంది.

ఇక మిగిలింది బ్రేకు పైపు. కారు అడుగునుంచి వెనక చక్రాల దాకా పోయే సన్నటి ఇనుప పైపు అది. తుప్పు తిని పొలుసులు లేచింది. బావ కొత్తది తెచ్చి నా చేతికిచ్చి, సేఠ్ పోయాక వేరేచోట కుదిరిన డ్రైవరు డ్యూటీకి వెళ్ళాడు. నేను కారు కింద పడుకుని పానా వేశాను. నట్టు కదల్లేదు. గట్టిగా తిప్పితే దాన్ని పట్టుకున్న జాయింటు విరిగేలా ఉంది. అలాంటి జాయింటు బొంబాయి మొత్తంలో మళ్ళీ దొరకదు. మళ్ళీ నా చేతిలోనే విరిగిందని చెప్పాలా? మళ్ళీ ఆ మౌనమా? చాలాసేపు అలాగే పడుకున్నాను. తర్వాత గరుకు కాగితంతో పాత పైపును రుద్ది, నల్లరంగు పూశాను. కొత్త పైపును తుక్కు రేకుల కింద దాచాను.

సాయంత్రం బావ వచ్చి, బట్టలైనా మార్చకుండా కారు పక్కన గొంతుకూర్చున్నాడు.

"పైపు మార్చినవా బామ్మర్ది?"

"మార్చిన బావా."

"పక్కా?"

"పక్కా."

"అయితే సాలు. నువ్వు జేసినవంటే నేను జూసేదేమున్నది."

వంగి చూడలేదు. చూస్తే తెలిసిపోయేది. వంగి చూడాలని నేను కోరుకున్నానా, చూడకూడదని కోరుకున్నానా? అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు.

కారు నడిచింది. గల్లీ గల్లీ మురిసిపోయింది. బావ అక్కనూ పాపనూ వర్లి దాకా తిప్పుకొచ్చాడు. నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టుకునేవాడు. ఆయన బ్రేకు మీద కాలు వేసినప్పుడల్లా నా కాలు కూడా కింది రేకును అదిమేది. రేపు చెబుతాను అనుకునేవాణ్ణి. ఆ రేపు వచ్చినప్పుడు, ఇన్నాళ్ళు ఆగింది కదా, ఇంకా ఆగుతుందిలే అనుకునేవాణ్ణి.

మొదటి పెళ్ళి బేరం మా చాల్‌లోనే వచ్చింది. పెళ్ళికొడుకును బాబుల్‌నాథ్ గుడికి తీసుకువెళ్ళి, అక్కణ్ణుంచి వర్లిలో ఆడపిల్లవాళ్ళింటికి చేర్చాలి. దారిలో పెద్దర్ రోడ్ దిగుడు ఉంది. బావ నన్ను రమ్మన్నాడు. జ్వరం వచ్చిందని గోడ వైపు తిరిగి పడుకున్నాను. అక్క నుదుటి మీద చెయ్యి వేసి చూసి, దుప్పటి కప్పింది. జ్వరం లేదని ఆమెకు తెలిసే ఉంటుంది. కానీ నాకు తెలిసింది మాత్రం ఆమెకు తెలియదు.

దిగుడులో బ్రేకు పోయింది. కింద బస్‌స్టాప్ నిండా జనం. బావ కారును రాతి గోడ వైపు తిప్పి, తను కూర్చున్న పక్కనే గుద్దించాడు. పెళ్ళికొడుకుకు గీతలు పడ్డాయి. బావ కుడి మోకాలు నుజ్జయింది. పెళ్ళివాళ్ళు సీటు కింద దాచుకున్న మందు సీసా పగిలి ఆయన చొక్కా తడిసింది. ఎత్తి దింపినవాళ్ళందరికీ ఆ వాసనే తగిలింది.

ఇక్కడ ఆపేస్తే ఇది ఒక పిరికివాడి తప్పు. నేను ఆపలేదు. నలిగిన కారును మా గ్యారేజీకే లాక్కొచ్చారు. ప్రమాదం విచారించే ఇన్‌స్పెక్టర్ వచ్చి చూసేలోపు కిందికి దూరి, పగిలిన పాత పైపును కోసి తీసేశాను. దాచిన కొత్త పైపును వంచి, గుద్దినప్పుడు ఊడిపోయినట్టు అక్కడ ఇరికించాను. చేతులు ఆ పని మాత్రం చక్కగా చేశాయి. ఆయన టార్చి వేసి చూశాడు. బ్రేకు పైపు కొత్తదే కదా అన్నాడు. అవునన్నాను. పాతదాన్ని మురుగు కాలవలో పడేశాను.

తాను తాగలేదని, పెడల్ మెత్తగా లోపలికి పోయిందని బావ ఆసుపత్రిలో అందరికీ చెప్పాడు. పెళ్ళికి ముందు ఆయనకు తాగుడు ఉండేది. పాప పుట్టాక మానేశాడు. అయినా పాతది అందరికీ గుర్తుంది. చివరికి అక్క కూడా నమ్మలేదు. లైసెన్సు పోయింది. ఇంటికి తెచ్చిన రోజు అక్క పాపను ఆయన ముందు నిలబెట్టి, బిడ్డ తల మీద చెయ్యిపెట్టి ఇక తాగనని ఒట్టు వెయ్యమంది. బావ నా వైపు చూశాడు. నేను బ్రేకు మాట చెబుతాననుకున్నాడా? నా పని మంచిదేనని నమ్మి, తప్పు తన కాలిదే అనుకున్నాడా? నేను నోరు తెరవలేదు. ఆయన పాప తల మీద చెయ్యి పెట్టాడు.

"ఇగ ముట్ట," అన్నాడు.

ఆ తర్వాత ఆయన బట్టల దుకాణం బయట స్టూలు మీద వాచ్‌మన్‌గా కూర్చున్నాడు. కారు తుక్కుకు పోయింది. మా ఇంట్లో కారు మాట ఎవరూ ఎత్తలేదు. కానీ ఎత్తుతారేమోనని నేను ప్రతి పండక్కీ, ప్రతి భోజనానికీ భయపడుతూనే ఉన్నాను.

మొన్న అక్క పోయింది. బావ తాగి నడిపాడన్న నమ్మకంతోనే పోయింది. ఆమెకు నిజం చెప్పే వీలు ఇక లేదు. బావ ఉన్నాడు. నిన్న వెళ్ళాను. కుర్చీ నా వైపు జరిపి, తిన్నావా అని అడిగాడు. తిన్నానని చెప్పి వచ్చేశాను.

ఆయనకు ఎప్పటికైనా చెబుతానో లేదో తెలియదు. భయం తగ్గలేదు. కానీ ఇన్నేళ్ళలో మొదటిసారి ఒక్క మాటైనా నా చేత్తో రాయగలుగుతున్నాను.

ఆ రోజు మా బావ తాగలేదు.