అక్కకు కిడ్నీ ఇవ్వాలని తిండి మానేశాను

జమ్మలమడుగు దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో నేను మెయింటెనెన్స్ ఇంజనీరును. ఆ రోజు ఉదయం కన్వేయర్ బెల్టు చూడడానికి ఇనుప మెట్లు ఎక్కుతుంటే కళ్లు చీకట్లు కమ్మాయి. కమ్మీ పట్టుకుని ఎలాగో కిందికి దిగాను. అప్పటికి నెల రోజులుగా రోజుకు ఎనిమిది వందల కేలరీల మీదే బతుకుతున్నాను.

కారణం మా పద్మక్క. ఆమె అత్తగారిల్లు ప్రొద్దుటూరు. రెండు కిడ్నీలూ పాడై అక్కడే డయాలసిస్ చేయించుకునేది. కిడ్నీ ఇస్తానని నేను ముందుకొచ్చాను. బ్లడ్ గ్రూప్ కలిసింది. డాక్టర్ మాత్రం, "ఈ బీఎంఐతో డోనర్‌గా తీసుకోలేం. బరువు తగ్గి రండి. నిదానంగా" అన్నారు. ఆ చివరి మాట నా చెవికెక్కలేదు. డయాలసిస్ సూది గుచ్చడానికి చేతిలో నరాలు కలిపి చేసే ఫిస్టులా అక్కకు అప్పటికే ఒకసారి మూసుకుపోయింది, మళ్లీ మూసుకుపోతుందేమోనని నా తొందర.

మొదట ఫోన్ యాప్‌లో కేలరీల లెక్క పెట్టాను. పులివెందుల నుంచి వచ్చి నాతో ఉంటున్న మా అమ్మ చేసే సంగటిని "రాగి ముద్ద, ఒకటి" అని, వేరుశనగల ఊరిబిండిని "చట్నీ, ఒక స్పూను" అని ఎక్కించాను. లెక్క తక్కువే, బరువు మాత్రం కదల్లేదు. దాంతో సంగటి, అన్నం మానేసి స్నేహితుడు పంపిన డైట్ ప్లాన్ పట్టుకున్నాను. గుడ్డు తెల్లసొన, ప్రొటీన్ పొడి, కీరదోస. బరువు జారిపోయింది. జుట్టు రాలింది, మలబద్ధకం పట్టుకుంది, అమ్మ మీద ఊరికే కసురుకునేవాణ్ణి. బరువు గ్రాఫ్ కిందికి దిగుతోంది కదా అనుకున్నాను.

కళ్లు తిరిగాక పరీక్షలు చేశారు. "తిండి చాలక యూరిన్‌లో కీటోన్స్ ఉన్నాయి. క్రియాటినిన్ పెరిగింది, అంటే మీ కిడ్నీల మీద భారం పడింది. కొవ్వుతో పాటు కండ కూడా పోయింది. డోనర్ టెస్టులు వాయిదా" అన్నారు డాక్టర్.

డయాలసిస్ మంచం మీదున్న అక్కకు ఈ మాట చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను.

"నాకు కిడ్నీ ఇయ్యమంటే నీది గూడా చెడగొట్టుకుంటాండావు గదరా!" అంది. నర్సు నవ్వింది. "నవ్వొద్దు సిస్టరూ, వీడు ఇంజనీరు. ఆయిల్ పొయ్యకుండా మిషన్ తిప్పుతాడంట."

"నీకు లేటయితాందని..."

"లేటయితే ఈ మంచం మీదే ఉంటా, యాడికి పోతా? సక్కంగా తినేదాకా నీ కిడ్నీ నాకొద్దు, పో."

తాగే నీళ్లు కూడా కొలుచుకునే మనిషి ఆమె. కొబ్బరినీళ్లకూ, అరటిపండుకూ ఆశపడకూడదు. అయినా తిండిని గురించి ఆమె విసుక్కోవడం నేనెప్పుడూ వినలేదు.

ఆసుపత్రి డైటీషియన్, మా అమ్మ చేసిన సంగటిని డబ్బాలో తెప్పించి తూచింది. "ఇది మీ యాప్ లెక్కలో మూడు ముద్దలప్పా. ఊరిబిండంటే చెనక్కాయలే గదా, ఉత్త చట్నీ అని రాస్తే ఎట్ల?" అంది. ఏదీ మానమనలేదు. చిన్న ముద్ద, ఎక్కువ ఆకుకూర పప్పు, రోజూ నడక. పొడి మాత్రం బంద్.

మొదటి నెల బరువు మళ్లీ పెరిగింది. దిగులుగా ఫోన్ చేస్తే, "పెరిగింది కిలోలే గదా, కొమ్ములు గాదు. తినుపో" అంది అక్క. తర్వాత నెలనెలా కొంచెం కొంచెంగా తగ్గాను. క్రియాటినిన్ నార్మల్‌కు వచ్చింది. డాక్టర్ ఒప్పుకున్నారు.

అడ్మిట్ అయిన రోజు అక్క మెడలో డయాలసిస్ కోసం వేసిన క్యాథెటర్ గొట్టం చూశాను. ఫిస్టులా మళ్లీ మూసుకుపోయి నెలలైందట. నాకు తెలిస్తే మళ్లీ తిండి మానేస్తానని, ఎవరూ చెప్పకూడదని బావ చేత ఒట్టు వేయించుకుంది. చూడడానికి వస్తానన్నప్పుడల్లా వద్దని, వీడియో కాల్‌లో మెడ చుట్టూ కొంగు కప్పుకుని నాతో జోకులేసింది ఈ మనిషే.

ఆపరేషన్ బాగా జరిగింది. ఇప్పుడు అక్క ఇంటి పనులు చేసుకుంటోంది. నేను డ్యూటీకి పోతున్నాను, ఏటా చెకప్ చేయించుకుంటున్నాను.

మీకు నేను చెప్పగలిగేది ఒక్కటే. బరువు తగ్గే ప్లాన్ ఏదైనా, పొడి డబ్బాతో సహా ముందు డాక్టరుకు చూపించి మొదలుపెట్టండి. నేను ఆ పని చేసి ఉంటే ఆపరేషన్ ముందే జరిగి, అక్క మెడలో ఆ గొట్టం పడేదే కాదేమో.