టేకు తోలు పిడి, తవ్వెడు బియ్యం

మామ్మ పోయిందని చిన్నాన్న ఫోన్ చేసేసరికి నేను విశాఖ బస్సులో నిలబడి ఉన్నాను. అనకాపల్లిలో ఇల్లు చేరేసరికి వచ్చినవాళ్లలో సగంమంది ఆమె కత్తి గురించే చెప్పుకుంటున్నారు. "నా పిల్లలందరూ దాని మీదే పెరిగేరు" అని ఒకామె ఏడ్చింది.

అది పాత జపాన్ బాకు. పొడవు జానెడు కంటే కాస్త ఎక్కువ. నల్ల లక్క ఒర, చేతికి అడ్డుగా ఇనుప బిళ్ళ, పిడికి తెల్లటి గరుకు తోలు, తోలు మీద పట్టుతాడు. తాడు కింద అటొకటి ఇటొకటి చిన్న ఇత్తడి రొయ్యలు. పూడిమడక నుంచి మాకు చేపలు తెచ్చే అత్త ఆ తోలును వేలితో రాసి చూసి, టేకు చేపదని తేల్చేసింది. రొయ్యల్ని చూసి, "జపానోడికీ మన కూరే ఇట్టం నాగుంది" అని నవ్వింది.

మామ్మ తండ్రి రంగూన్ రేవులో కూలి చేసి, యుద్ధం అయ్యాక దాన్ని తెచ్చాడు. మా వైపు గాలి సోకకుండా బాలింత తలగడ కింద, పసిగుడ్డు తల కింద ఇనుము పెడతారని మీకు తెలిసే ఉంటుంది. వీధిలో ఎవరికి కాన్పయినా మామ్మ ఈ బాకునే పంపేది. ఒరలోంచి తియ్యొద్దని చెప్పి, పాత చీర ముక్కలో పెట్టి, పైన తవ్వెడు బియ్యం పోసి మూట కట్టేది. బియ్యం లేకుండా కత్తి మా గడప దాటలేదు. కత్తి తిరిగొచ్చేది గానీ బియ్యం వెనక్కి తీసుకునేది కాదు. అదో ఆచారమనే అందరూ అనుకున్నాం.

నాకు ఏదీ ఊరికే వదిలే గుణం లేదు. పిడిలో ఉన్న వెదురు చీల తీస్తే, లోపల చేసినవాడి పేరు చెక్కి ఉండొచ్చని ఎక్కడో చదివి, ఓ రోజు మామ్మతో తీద్దామన్నాను. మామ్మ బాకును నా చేతిలోంచి తీసుకుంది. చేటలో బియ్యం చెరుగుతూ, తల ఎత్తకుండా చెప్పింది.

"సేసినోడి పేరెందుకే. ఇచ్చినోడి పేరే మా నానకి తెల్దు. యుద్దంలో ఓడిపోయి ఎల్లిపోతన్న జపాను కుర్రోడు. తవ్వెడు బియ్యానికి కత్తిచ్చేడు. రేపు రా, ఇత్తానన్నాడు నాన. ఆ రేత్రే వేరే వీదికి మారిపోయేడు."

"ఇంట్లో బియ్యం లేవేమో" అన్నాను.

"ఉన్నాయి" అంది మామ్మ.

తండ్రి పోయేముందు ఆమెకొక్కదానికే చెప్పాడట. ఆమె నాకే ఎందుకు చెప్పిందో, నేను దాన్ని ఏం చేసుకోవాలో ఇప్పటికీ తెలియదు.

పెద్దకర్మ అయిన మర్నాడు చిన్నాన్న బాకు బయటికి తీశాడు. పాత వస్తువులు కొనే ఆయన ఆదివారం వస్తానన్నాడట. ఇంట్లో మారణాయుధం ఎందుకని చిన్నాన్న భయం, అది తప్పని అనలేను. అప్పుడే చేపలత్త వచ్చి, గడప దగ్గరే ఆగిపోయింది. కూతురికి కాన్పయింది, పసిగుడ్డు నిద్రలో ఉలిక్కిపడుతోంది, మామ్మ లేకుండా అడగొచ్చో లేదోనని నసిగింది.

నిజం చెబితే ఆ కత్తిని ఏ తల్లీ బిడ్డ తల కింద పెట్టదు. చెప్పకపోతే, ఆకలితో మోసపోయిన ఒక కుర్రాడి వస్తువు ఒక పసిగుడ్డు తల కిందికి పోతుంది. మామ్మ ఇన్నేళ్లూ ఈ రెండింటి మధ్యనే బతికిందన్నమాట.

నేను లోపలికెళ్లి తవ్వతో బియ్యం తెచ్చాను.

"ఆదివారం ఆయన వత్తాడే" అన్నాడు చిన్నాన్న.

"కత్తి ఇంట్లో లేదని చెప్పు చిన్నాన్నా."

చిన్నాన్న నా చేతిలో తవ్వను చూసి, బాకు నా ముందుకు జరిపాడు. మూట కడుతుంటే కనబడింది. పట్టుతాడు మడతలో, ఇత్తడి రొయ్య పక్కన, పసుపుపచ్చబారిన పాత బియ్యపు గింజ ఒకటి ఇరుక్కుని ఉంది. గోరుతో లాగాను. రాలేదు.